థీసిస్‌లో లేని అధ్యాయం

కథల్ని విమర్శించడానికి మనకి మనుషుల కొరత లేదు. కథ రాయడం చేతకాకపోయినా ఆ పని చెయ్యొచ్చు. కానీ పిహెచ్.డి. థీసిస్‌ని ఒక రచనగా చదివి, ఇందులో కథకుడు నిజం చెబుతున్నాడా అని అడిగేవాళ్లు అరుదు. అసలు థీసిస్‌ని చదివేవాళ్లే అరుదంటారా? అదీ నిజమే. రాసినవాడూ, గైడూ, ఇద్దరు పరీక్షకులూ. మొయ్యడానికి ఆ నలుగురు చాలు.

మొన్న మా మేనల్లుడు తన చిత్తుప్రతి పట్టుకొచ్చాడు. ఉపోద్ఘాతం, పూర్వుల కృషి, పద్ధతులు, ఫలితాలు, చర్చ. అబ్బాయి పొద్దున్నే ప్రశ్న వేసుకున్నాడు, మధ్యాహ్నం ప్రయోగం చేశాడు, దీపాలు పెట్టేవేళకి ప్రకృతి జవాబు చెప్పేసింది అన్నట్టుంది. అచ్చం పెళ్లి శుభలేఖే అనుకోండి. తప్పిపోయిన సంబంధాలూ, పేరయ్యగారి అరిగిన చెప్పులూ శుభలేఖలో ఉండవు కదా!

"ఐదేళ్లు పట్టిందన్నావు. ఆ ఐదేళ్లూ ఇందులో ఎక్కడున్నాయిరా?" అన్నాను.

"అవి రాయకూడదు మావయ్యా" అన్నాడు.

ఈ జవాబుని 1963లోనే ఒకాయన నిలదీశాడు. 1960లో నోబెల్ బహుమతి పంచుకున్న పీటర్ మెడావర్, బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ శాస్త్రీయ వ్యాసం మోసమా అని అడిగాడు. లెక్కలు దొంగవని ఆయన అనలేదు. ఆలోచన నడిచిన దారిని వ్యాసపు రూపమే తప్పుగా చూపిస్తుందన్నాడు. ఏ అభిప్రాయమూ లేకుండా వివరాలు పోగేసి, చివర్లో సిద్ధాంతం తీసినట్టు రాస్తాం. నిజానికి ముందు ఊహ పుడుతుంది. ఏం వెతకాలో అదే చెబుతుంది. కాబట్టి చర్చే ముందు రావాలని ఆయన సూచన.

బాగుంది. అయితే నాకొక చిన్న పేచీ. వంకరదారిని తిన్నగా గీస్తే అది శైలి. దారికడ్డం వచ్చిన బండని మాయం చేస్తే?

ఎలక్ట్రాన్ విద్యుదావేశాన్ని నూనె చుక్కలతో కొలిచిన మిల్లికన్ సంగతి చూడండి. 1913 వ్యాసంలో 58 చుక్కల ఫలితాలిచ్చి, వరసగా 60 రోజుల్లో పరీక్షించిన చుక్కలన్నీ ఇవేనని రాశాడు. ఆయన నోటుపుస్తకాలు తిరగేసి, జెరాల్డ్ హోల్టన్ 1978లో రాసిందేమిటంటే, చుక్కలు అంతకన్నా చాలా ఎక్కువ. వదిలేసినవి కలిపినా జవాబు పెద్దగా మారదని తర్వాత లెక్కకట్టినవాళ్లున్నారు. అంటే తప్పు అంకెలో లేదు. "అన్నీ" అన్న ఒక్క మాటలో ఉంది. ఇది విమర్శకుడి పని కాదంటారా?

మన యు.జి.సి. 2018లో గ్రంథచౌర్యానికి నిబంధనలు పెట్టింది. 2019లో పరిశోధకులకి నీతిశాస్త్రం మీద 30 గంటల కోర్సు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ పోలిక నూటికి పది దాటిందా లేదా చెప్పే యంత్రం, పక్కవాడి వాక్యం ఎత్తుకొస్తే పట్టుకుంటుంది. మన ఫలితాన్ని మనమే దాచుకుంటే పట్టుకోదు. లేని వాక్యాన్ని దేనితో పోలుస్తుంది పాపం?

మావాడు కాసేపు గోళ్లు గిల్లుకున్నాడు. "మూడో ఏడు నాలుగు శాంపిల్స్ వేరేగా వచ్చాయి. పాడైపోయాయని వదిలేశాను."

"పాడైనట్టు రుజువుందా?"

"లేదు. వచ్చేవారమే సబ్మిట్ చెయ్యాలి. ఫెలోషిప్ కూడా అయిపోయింది మావయ్యా."

నీతులు చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ముప్ఫై ఏళ్లకింద నేనూ ఐదు రీడింగులు వదిలేసినవాణ్ణే. ఆ బౌండు పుస్తకం బంగారు అక్షరాలతో ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆ మాటే వాడితో చెప్పాను. ఇంతవరకూ మా ఆవిడతో కూడా చెప్పలేదు.

వాడు చిత్తుప్రతి తీసుకుని వెళ్లిపోయాడు. నిన్న ఉత్తరం ముక్కలా ఫోన్లో చిన్న కబురు: "నాలుగూ చేర్చాను. ఒక పేజీ పెరిగింది. గైడుగారు రెండు నెలలు ఆగమన్నారు."

ఆ ఒక్క పేజీ చదవాలని నాకు మహా ఆత్రంగా ఉంది.