తాడు పట్టే ముందు

గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చి వెళ్తే, కొట్టంలో తాడు సిద్ధంగా ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నలుగురు కుర్రాళ్లూ ఉంటారు. సాయానికొచ్చిన వాళ్లే, కాదనను. కానీ కష్టకాన్పులో బలంతో పని ఆఖర్న. ముందు లోపల ఏముందో చేతికి తెలియాలి.

మోచేయి దాటేదాకా సబ్బుతో కడుక్కుని చెయ్యి పెడితే కాళ్లు తగులుతాయి. ముందువా, వెనకవా? గిట్ట నుంచి పైకి తడుముతూ పోతే మొదటి రెండు కీళ్లూ ఒకే వైపు వంగితే ముందుకాళ్లు, చెరోవైపు వంగితే వెనకవి. ముందుకాళ్ల మీద ముట్టె ఆనించి ఉంటే దూడ దారిలోనే ఉంది. తల పక్కకు తిరిగి ఉంటే మాత్రం పదిమంది లాగినా రాదు. నొప్పికీ నొప్పికీ మధ్య దూడను లోపలికి నెట్టి, తల సరిచేసి, ఆ తర్వాతే లాగాలి. అదీ గేదె ముక్కినప్పుడే, ఒక కాలు తర్వాత ఒక కాలు, కిందివైపుకి.

గేదెల్లో ఇంకో చిక్కుంది, గర్భసంచి మెలిపడటం. ఆవుల్లో కన్నా ఇది గేదెల్లోనే ఎక్కువ. లేస్తుంది, పడుకుంటుంది, పొట్టను కాలితో తన్నుకుంటుంది, నీటిబుడగ మాత్రం కనపడదు. కాసేపటికి నొప్పులు సద్దుమణిగితే ఇంట్లోవాళ్లు ‘ఇంకా రోజులు నిండలేదేమోలే’ అనుకుంటారు. చాలా దూడలు పోయేది ఈ అనుకోవడంలోనే. చెయ్యి పెడితే దారి పిండిన తువ్వాలులా ఉంటుంది. మెలి చాలావరకు కుడివైపుకే పడుతుంది. గేదెను మెలి ఉన్న వైపుకే పడుకోబెట్టి, డొక్క మీద చెక్కపలక వేసి, సంచి కదలకుండా దానిమీద ఒక మనిషిని నిలబెట్టి, కాళ్లకు కట్టిన తాళ్లతో గేదెను మెలి వైపుకే దొర్లిస్తాం. గేదె తిరుగుతుంది, సంచి ఆగుతుంది, మెలి విడుతుంది. అందరికీ ఎదురువైపు దొర్లించాలనే అనిపిస్తుంది. అలా చేస్తే ఇంకా బిగుస్తుంది. మెలి విడిందని తెలిశాక పలక మీదున్నవాడి నవ్వు చూడాలి! ఏ వైపు మెలో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

ఇక మాయ. వేలాడే మాయకు పాతచెప్పో ఇటుకో కట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ బరువుకు మాయ తెగి మిగిలింది లోపలే కుళ్లుతుంది. 12 గంటలు చూడండి, పడకపోతే డాక్టరుకు చూపించండి. మాయ పడేదాకా పాలు పిండకూడదని దూడను పస్తు పెట్టడం మరీ అన్యాయం. పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు దాని కడుపులో పడాలి.

నీటిబుడగ పగిలి రెండు గంటలైనా దూడ రాకపోతే, నొప్పులు వచ్చి ఆగిపోతే, 1962కి ఫోన్ చేయండి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్యానికి అదే నంబరు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పండి. అప్పటికే ఎవరైనా లాగి ఉంటే అదీ దాచకండి.