‘నటాలియా’: ఒక వెనెజులా వాల్ట్జ్

గిటారు అనగానే మనలో చాలామందికి సినిమా హీరో మెడలో వేలాడే అలంకారమే గుర్తుకొస్తుంది. పక్క వాద్యం ఏదీ లేకుండా ఆరు తీగల మీద ఒక దేశపు జానపద నాట్యాన్ని వినిపించవచ్చునని తెలియాలంటే ఆంటోనియో లౌరో రాసిన మూడో వెనెజులా వాల్ట్జ్ వినాలి. నిడివి మూడు నిమిషాలకు అటూ ఇటూ. కూతురి పేరు మీద దీన్ని ‘నటాలియా’ అంటారు.

లౌరో 1917లో సియుదాద్ బొలీవార్‌లో పుట్టాడు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చిన క్షురకుడు; గిటారు వాయిస్తూ పాడేవాడట. కరకాస్‌లో సంగీతం చదువుకుంటున్న లౌరో, 1932లో పరాగ్వే విద్వాంసుడు బారియోస్ కచేరీ విని గిటారుకు అంకితమైపోయాడు. తరువాత కొన్నేళ్ళు స్నేహితులతో జట్టుకట్టి తమ దేశపు పాటలు పాడుతూ ఇరుగుపొరుగు దేశాలు తిరిగాడు. ఆ తిరుగుడు ఈ రచనలో వినిపిస్తుంది.

వాల్ట్జ్ పుట్టిల్లు యూరపు. పందొమ్మిదో శతాబ్దంలో వెనెజులాకు కాపురానికి వచ్చి, హార్పు, నాలుగు తీగల క్వాత్రో, మరాకాల సావాసంలో నడకే మార్చుకుంది. ఆ నడకేమిటో తాళం వేసి చూస్తే తెలుస్తుంది. ఆరు అక్షరాలను ‘తకిట తకిట’ అనవచ్చు, ‘తక తక తక’ అనీ అనవచ్చు. మన చెవికి ఇది కొత్త కాదు. లౌరో ఈ రెండింటినీ ఒకేసారి నడిపిస్తాడు. కింద మంద్ర తీగలు మూడడుగులు వేస్తుంటే పైన పాట రెండుగా ఊగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాడి తప్పినట్టే ఉంటుంది. రోజూ నాడి పట్టుకునేవాణ్ణి కనుక చెబుతున్నాను, ఎక్కడా ఒక్క మాత్ర తప్పదు. (నేను రాసిచ్చే మాత్ర కాదు!)

ఇక నా అభ్యంతరం. ఈ వాల్ట్జ్‌ను చాలామంది కచేరీ చివర చప్పట్ల కోసం పరుగెత్తిస్తారు. వేగం పెరిగేసరికి ఆ రెండు నడకలూ కలగలిసి వేళ్ళ విన్యాసం ఒక్కటే మిగులుతుంది. జానపదాన్ని శాస్త్రీయ వేదిక ఎక్కించామనుకుంటాం గాని, ఎక్కేటప్పుడు దాని కాళ్ళు కిందే ఉండిపోతాయి. మన పండుగ కార్యక్రమాల్లో కోలాటం పాటకు కీబోర్డు దరువు తగిలించి హడావుడిగా లాగించడం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అలీరియో దియాస్ వాయించింది వినండి. 1923లో కరోరా దగ్గరి పల్లెలో పుట్టి, సెగోవియా దగ్గర చదువుకుని, 2016లో రోములో కన్నుమూసిన విద్వాంసుడు. లౌరో రచనలను ప్రపంచానికి చాటినవారిలో ముందు చెప్పుకోవలసింది ఆయన్నే. ఆయన చేతిలో మంద్రం ఎప్పుడూ బరువుగా నేల మీద ఉంటుంది. పై స్వరం దాన్ని ఆటపట్టిస్తుంది. ఈ-మైనర్‌లో మొదలైన పాట ఈ-మేజర్‌కు తిరిగే భాగంలో నా రుచికి తీపి కాస్త ఎక్కువే. అయినా దియాస్ అక్కడ చక్కెర కలపడు.

గిటారు నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్ళలో ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. కాలితో మూడు, అదే వ్యవధిలో చేత్తో రెండు వేయించండి. అది కుదిరాకనే తీగ ముట్టుకోమనండి.