అభిమానం, ఆరోపణ, సాక్ష్యం: క్రీడాభిమానుల వాదసరళిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ప్రసిద్ధ క్రీడాకారుడిపై హింసకో లైంగిక దాడికో సంబంధించిన ఆరోపణ వచ్చినప్పుడు అభిమానులు చేసే వాదనలు పైకి సాక్ష్యాధారాల చర్చగా కనిపిస్తాయి. లోతుగా చూస్తే అవి అభిమాని తన ఆత్మగౌరవాన్ని కాపాడుకొనే ప్రయత్నాలుగా తేలతాయి. అమెరికాలో రే రైస్ (2014), కోబీ బ్రయంట్ (2003-2020) ఉదంతాలనూ, మన దేశంలో మల్లయోధుల నిరసన (2023) సందర్భాన్నీ ఆధారంగా చేసుకొని ఈ వాదసరళిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అభిమానం, ప్రమాణం, సాధారణీకరణం, ఆరోపణ, నిరూపణ భారం, క్రీడాసంస్కృతి.

1. ఉపోద్ఘాతం

క్రీడాభిమానుల మధ్య ఇటువంటి చర్చ మొదలైన వెంటనే కొన్ని వాక్యాలు తప్పక వినిపిస్తాయి. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే. ఇంతకాలం ఆమె ఎందుకు మాట్లాడలేదు? డబ్బు కోసమే ఇదంతా. ఆట వేరు, వ్యక్తిగత జీవితం వేరు. ఎదుటి పక్షం నుంచి వచ్చే వాక్యాలూ అంతే స్థిరమైనవి. నిప్పు లేనిదే పొగ రాదు. ఇలాంటివాళ్లంతా ఇంతే. దేశం మారినా, ఆట మారినా, క్రీడాకారుడి పేరు మారినా ఈ వాక్యాలు మారవు. ప్రతి ఉదంతంలోని వాస్తవాలు వేరువేరుగా ఉన్నప్పుడు వాటిపై తీర్పులు మాత్రం ఒకే అచ్చులో పోసినట్లు ఎందుకుంటున్నాయి? వాస్తవాల కంటే ముందే వాదన సిద్ధంగా ఉందనుకోవలసి వస్తుంది. ఆ సిద్ధవాదన ఎక్కడినుంచి పుడుతున్నదో, అందులో న్యాయమైన భాగమేదో, కానిదేదో వేరుచేయడం విమర్శకుడి పని.

2. అభిమానం: పదార్థ విచారణ

తెలుగులో అభిమానం అన్న మాటకు రెండర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి ఇతరుల పట్ల ప్రీతి. రెండవది తన పట్ల తనకున్న గౌరవం. ‘ఆయనంటే నాకు అభిమానం’ అన్నప్పుడు మొదటిది, ‘నా అభిమానం దెబ్బతింది’ అన్నప్పుడు రెండవది. దుర్యోధనుణ్ణి అభిమానధనుడన్నా, ద్రౌపదిని అభిమానవతి అన్నా మనసులో మెదిలేది రెండవ అర్థమే. సాంఖ్యకారిక అహంకారాన్ని అభిమానంగానే నిర్వచించింది. తాను కానిదాన్ని సైతం నేననీ నాదనీ అనుకొనే వ్యాపారం అది.

క్రీడాభిమానిలో ఈ రెండర్థాలూ ఒకటవుతాయి. తన జట్టు గెలిస్తే ‘మేం గెలిచాం’ అంటాడు. మైదానంలో అతడు అడుగుపెట్టకపోయినా ఆ ‘మేం’లో అబద్ధం లేదు. అభిమానమంటేనే ఆ కలుపుకోలు. కనుక ఆటగాడిపై ఆరోపణ వచ్చినప్పుడు అది ఒక పరాయి వ్యక్తిపై వచ్చినట్లుగా అభిమానికి తోచదు. తన గతంపై, తాను ఇంతకాలం చప్పట్లు కొట్టిన ఘడియలపై వచ్చినట్లుగా తోస్తుంది. అతడు చేసేది ప్రతివాది తరఫు వాదనలా వినిపించినా, నిజానికి ఆత్మరక్షణ.

తెలుగు సినీ అభిమానులపై ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన, అభిమాని కేవలం విధేయుడు కాడనీ, ధిక్కారమూ అతడి ప్రవర్తనలో భాగమేననీ చూపింది. ఈ అంశం క్రీడారంగానికీ వర్తిస్తుంది. ఆడలేకపోయిన ఆటగాణ్ణి నిందించడానికి అభిమాని క్షణం ఆలస్యం చేయడు. ఆటలోని వైఫల్యానికి అంత త్వరగా తీర్పు చెప్పగలిగినవాడు ఆట వెలుపలి హింస దగ్గర మాత్రం తీర్పు చెప్పే అధికారం తనకు లేదని అనడం గమనించవలసిన విషయం.

3. అనుమానం, ప్రత్యక్షం: బాల్టిమోర్, 2014

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బాల్టిమోర్ రేవెన్స్ జట్టుకు రే రైస్ ముఖ్యమైన ఆటగాడు. 2012 నవంబరులో శాన్‌డియాగో జట్టుపై నాలుగో ప్రయత్నంలో 29 గజాలు సాధించవలసిన అసాధ్యమైన స్థితిలో బంతిని అందుకొని ఆ దూరం దాటిన అతడి పరుగు ఆ నగరవాసుల జ్ఞాపకాల్లో నిలిచింది. ఆ సీజన్ ముగింపులో, 2013 ఫిబ్రవరిలో, జట్టు సూపర్ బౌల్ గెలిచింది.

2014 ఫిబ్రవరి 15న అట్లాంటిక్ సిటీలోని ఒక క్యాసినో హోటల్ లిఫ్టులో అతడు తనకు కాబోయే భార్యను కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెను లిఫ్టులోనుంచి బయటికి ఈడుస్తున్న దృశ్యం కొద్ది రోజుల్లోనే బయటపడింది. మార్చిలో గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది. ఆ మరునాడే వారి వివాహం జరిగింది. విచారణకు బదులుగా దిద్దుబాటు కార్యక్రమంలో చేరడానికి మే నెలలో అతడికి అనుమతి లభించింది. జూలైలో లీగ్ రెండు మ్యాచ్‌ల నిషేధం విధించింది. ఆ తర్వాత సాధన కోసం మైదానంలోకి వచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడి అతడికి స్వాగతం పలికారు.

సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి దృశ్యం వెలుగుచూసింది. అదే రోజు జట్టు అతణ్ణి తొలగించింది, లీగ్ నిరవధికంగా నిషేధించింది. మూడు రోజుల తర్వాత జరిగిన మ్యాచ్‌కు కొందరు అభిమానులు, వారిలో స్త్రీలు కూడా, అతడి 27వ నంబరు జెర్సీ వేసుకొనే వచ్చారు. ఆ తరువాతి వారం అదే మైదానం దగ్గర వేలమంది వరుసలో నిలబడి ఆ జెర్సీని ఇచ్చేసి మరో ఆటగాడి జెర్సీ తీసుకున్నారు.

ఫిబ్రవరికీ సెప్టెంబరుకీ మధ్య కొత్తగా తెలిసిన వాస్తవం ఏమిటి? లిఫ్టులో ఉన్నది ఇద్దరే. లోపలికి నడిచి వెళ్లిన స్త్రీ స్పృహ లేకుండా బయటికి వచ్చింది. అభియోగపత్రం అప్పటికే ఉంది. తాను చేసిన పనిని రైస్ లీగ్ అధిపతి దగ్గర దాచలేదని నవంబరులో మధ్యవర్తిగా విచారించిన విశ్రాంత న్యాయమూర్తి నిర్ధారించి, ఆ నిరవధిక నిషేధాన్ని రద్దుచేశారు. అంటే సెప్టెంబరు దృశ్యం కొత్త జ్ఞానాన్ని ఇవ్వలేదు. తెలిసినదాన్ని కళ్లకు కట్టింది.

మన ప్రమాణశాస్త్ర పరిభాషలో చెబితే, అనుమాన ప్రమాణంతో సిద్ధించినదాన్ని అభిమానులు, సంస్థ కూడా, ప్రత్యక్షం వచ్చేదాకా అంగీకరించలేదు. పొగను చూసి నిప్పును గ్రహించడం నిత్యజీవితంలో అందరూ చేసే పనే. ఈ విషయంలో మాత్రం నిప్పునే చూపమన్నారు. గృహహింసకూ లైంగిక హింసకూ సాధారణంగా కెమెరాలుండవు. ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోమనడం, ఆచరణలో, ఏ ఫిర్యాదునూ ఒప్పుకోమనడమే.

జెర్సీ మార్పిడిలోని మరొక సూక్ష్మాన్ని గుర్తించాలి. అభిమాని ఒక ఆలంబనాన్ని వదలి అదే జట్టులోని మరో ఆలంబనాన్ని అందుకున్నాడు. అభిమానానికి నష్టం కలగలేదు. దెబ్బతిన్న స్త్రీ పరిస్థితి ఏమిటన్న ప్రశ్న ఆ వరుసలో నిలబడిన అందరి మనసులోనూ ఉందో లేదో మనం చెప్పలేం. ఆ మార్పిడి కార్యక్రమం మాత్రం ఆ ప్రశ్నను అడగలేదు.

4. నటుడు, పాత్ర: కోబీ బ్రయంట్ ఉదంతం

రైస్ విషయంలో జరిగినదానిపై వివాదం లేదు. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్ ఉదంతం అలాంటిది కాదు. 2003 జూన్ 30న కొలరాడోలోని ఒక విడిదిలో తనపై లైంగిక దాడి జరిగిందని అక్కడ పనిచేసే 19 ఏళ్ల యువతి ఫిర్యాదు చేసింది. ఇద్దరి అంగీకారంతోనే జరిగిందని బ్రయంట్ వాదించాడు. జూలైలో అభియోగం నమోదైంది. సాక్ష్యం చెప్పడానికి ఫిర్యాదురాలు ఇష్టపడకపోవడంతో 2004 సెప్టెంబరు 1న క్రిమినల్ కేసు రద్దయింది. తాను పరస్పర అంగీకారంగా భావించినదాన్ని ఆమె అలా భావించలేదని ఇప్పుడు అర్థం చేసుకుంటున్నానని అతడు క్షమాపణ ప్రకటన ఇచ్చాడు. సివిల్ దావా 2005లో రాజీతో ముగిసింది. న్యాయస్థానం అతణ్ణి దోషిగా తేల్చలేదు. నిర్దోషిగా తీర్పు చెప్పే దశకూ విచారణ చేరలేదు.

ఈ అసంపూర్ణతను అభిమానుల చర్చ భరించలేకపోయింది. కేసు నడుస్తున్నప్పుడే ఫిర్యాదురాలి పేరు బయటికి వచ్చింది. చంపుతామని ఆమెను బెదిరించినవారిలో కొందరికి శిక్షలు కూడా పడ్డాయి. మరోవైపు 2004 మే 11న ఉదయం కొలరాడో న్యాయస్థానంలో హాజరై, ఆ రాత్రే లాస్ ఏంజెలస్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ ఆడి బ్రయంట్ 42 పాయింట్లు సాధించాడు. ఆ రాత్రి నేటికీ మనోబలానికి ఉదాహరణగా చెప్పుకొనే కథ. కథలో న్యాయస్థానం కథానాయకుడు దాటవలసిన అవరోధంగా మారిపోయింది. ఫిర్యాదురాలికి అందులో పాత్రే లేదు.

ఇక్కడ అలంకారశాస్త్రం మనకు ఉపకరిస్తుంది. నాటకం చూసే సహృదయుడికి సాధారణీకరణం వల్ల వ్యక్తిగతమైన రాగద్వేషాలు తొలగి రసానుభవం కలుగుతుందని భట్టనాయకుడి సిద్ధాంతం. అక్కడ నటుడు వేరు, పాత్ర వేరు. నటుడి దోషాలు పాత్రకు అంటవు. క్రీడలో ఆ భేదం లేదు. ఆడేవాడు తానుగానే ఆడతాడు, దెబ్బ తగిలితే అతడికే నొప్పి, గెలిస్తే అతడికే కీర్తి. ‘ఆట వేరు, వ్యక్తి వేరు’ అనే వాదన లేని భేదాన్ని కల్పించి, నాటక ప్రేక్షకుడికి దక్కే నిర్లిప్తతను క్రీడాభిమానికి ఇవ్వజూస్తుంది. ‘బ్లాక్ మాంబా’ అన్న మారుపేరును ఆ కేసు కాలంలో వ్యక్తినీ ఆటగాణ్ణీ వేరుచేసుకోవడానికే తాను సృష్టించుకున్నానని బ్రయంటే తరువాతి కాలంలో చెప్పాడు. అభిమానులు ఆ పాత్రను ఆనందంగా స్వీకరించారు.

ఈ భేదకల్పన ఒకవైపే పనిచేయడం దానిలోని దోషం. ఆటగాడి దానధర్మాలూ, కుటుంబప్రేమా చెప్పవలసినప్పుడు ఆటా వ్యక్తీ ఒకటే. ఆరోపణ వచ్చినప్పుడు మాత్రం వేరు. 2020 జనవరి 26న హెలికాప్టర్ ప్రమాదంలో బ్రయంట్ మరణించిన రోజున, పాత కేసుపై వచ్చిన ఒక కథనాన్ని పంచుకున్న వాషింగ్టన్ పోస్ట్ విలేఖరికి బెదిరింపులు వచ్చాయి. పత్రిక ఆమెను సెలవుపై పంపి, సహోద్యోగుల నిరసన తర్వాత తిరిగి విధుల్లోకి తీసుకుంది. మరణవేళ సంయమనం అవసరమన్న మాట తోసిపుచ్చదగింది కాదు. కానీ అదే రోజు అతణ్ణి ఆదర్శ పురుషుడిగా కీర్తించిన వ్యాసాలు కూడా అతడి వ్యక్తిజీవితం గురించినవే. స్మరణకు వ్యక్తి పనికివచ్చినప్పుడు ప్రశ్నకు ఎందుకు పనికిరాడు?

5. సందేహంలోని న్యాయం

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి, సందేహించే ప్రతి అభిమానీ పక్షపాతి అని తీర్మానించడం తప్పు. అమెరికాలో నల్లజాతి పురుషులపై మోపిన అబద్ధపు నేరారోపణల చరిత్ర సుదీర్ఘమైనది. 1931లో అలబామాలో స్కాట్స్‌బరో కేసులో తొమ్మిదిమంది నల్లజాతి యువకులు అబద్ధపు అత్యాచార ఆరోపణతో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు. 1955లో మిసిసిపీలో ఒక శ్వేతజాతి స్త్రీతో అనుచితంగా ప్రవర్తించాడన్న నెపంతో 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను చంపేశారు. బ్రయంట్ కేసులో ఫిర్యాదురాలు శ్వేతజాతి యువతి. ఆ సందర్భంలో నల్లజాతి అభిమానుల సందేహాన్ని జట్టుపై మమకారంగా మాత్రమే లెక్కగట్టడం చరిత్రను మరచిపోవడం. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయ లాక్రోస్ ఆటగాళ్లు ముగ్గురిపై వచ్చిన అత్యాచార అభియోగాలు 2007లో వీగిపోయాయి. రాష్ట్ర అటార్నీ జనరల్ వారిని నిర్దోషులని ప్రకటించారు. ప్రాసిక్యూటర్ న్యాయవాద వృత్తి అర్హతను కోల్పోయాడు. ఆరోపణే రుజువు అనుకొన్నవారికి ఆ కేసు చెప్పే పాఠం చిన్నది కాదు.

కనుక సందేహానికి చోటుంది. అయితే సందేహమూ ప్రత్యారోపణా ఒకటి కావు. ‘ఏం జరిగిందో నాకు తెలియదు’ అనడం సందేహం. ‘ఆమె డబ్బు కోసం అబద్ధమాడింది’ అనడం మరో ఆరోపణ. అబద్ధపు ఫిర్యాదు కూడా నేరమే. అంటే ఆ మాట అన్నవాడు ఒక వ్యక్తిపై నేరం మోపుతున్నాడు. నిరూపణ భారం ఆరోపించినవారిదే అన్న సూత్రాన్ని ఆటగాడి కోసం ఎత్తిచూపినవాడు, తాను ఆరోపించినప్పుడు అదే సూత్రానికి కట్టుబడాలి. అభిమానుల చర్చల్లో సర్వసాధారణంగా కనిపించే తర్కదోషం ఇదే. నిర్దోషిత్వ భావన ఒకరికే దక్కుతుంది, రెండవవారికి దక్కదు.

ఆ భావన నిజానికి రాజ్యాన్ని కట్టడిచేయడానికి పుట్టింది. ఒకరి స్వేచ్ఛను హరించే ముందు రాజ్యం నేరాన్ని రుజువు చేయాలి. ప్రేక్షకుడు ఎవరినీ జైలుకు పంపడు. తన చప్పట్లు ఎవరికివ్వాలో నిర్ణయించుకుంటాడు. దానికి న్యాయస్థానం అడిగేంత రుజువు అక్కరలేదు. అదే సమయంలో, న్యాయస్థానం వాడే ‘దోషి’ అన్న మాటను వాడే హక్కూ అతడికి లేదు.

6. పతకం ఎవరికి సాక్ష్యం?

2023 జనవరిలో ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా తదితర మల్లయోధులు నాటి భారత కుస్తీ సమాఖ్య అధ్యక్షుడిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో నిరసనకు దిగారు. ఆయన వాటిని ఖండించారు. ఏప్రిల్‌లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. మే 28న నిరసనకారులను పోలీసులు నిర్బంధించారు. మే 30న వారు తమ పతకాలను గంగలో కలపడానికి హరిద్వార్ వెళ్లి, పెద్దలు నచ్చజెప్పగా వెనుదిరిగారు.

ఆరోపణల సత్యాసత్యాలు న్యాయస్థానం తేల్చవలసినవి. ఈ వ్యాసానికి కావలసింది చర్చాసరళి. ఇక్కడ ప్రశ్నించినవారే దేశం అభిమానించిన క్రీడాకారులు. ఆటగాడిపై ఆరోపణ వచ్చినప్పుడు పతకాలు అతడి శీలానికి సాక్ష్యమైతే, ఆటగత్తె ఫిర్యాదు చేసినప్పుడు అవే పతకాలు ఆమె మాటకు సాక్ష్యం కావాలి. కానీ ‘ఇంతకాలం ఎందుకు మాట్లాడలేదు’, ‘వెనుక ఎవరున్నారు’ అన్న పాత ప్రశ్నలే వారినీ ఎదుర్కొన్నాయి. నిజానికి పతకం ఏ పక్షానా సాక్ష్యం కాదు. బలాన్నీ నైపుణ్యాన్నీ తప్ప అది మరి దేన్నీ రుజువు చేయదు. అయినా ఒకరి విషయంలో దాన్ని సాక్ష్యంగా స్వీకరించి, మరొకరి విషయంలో తోసిపుచ్చడం చూస్తే, చర్చకు ఆధారం క్రీడాభిమానం ఒక్కటే కాదనీ, ఎవరి మాటకు విలువ ఉండాలన్న పాత సామాజిక నిర్ణయం దాని వెనుక ఉందనీ తెలుస్తుంది.

7. ముగింపు

అభిమానాన్ని వదులుకొమ్మని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆ 29 గజాల పరుగు జరిగింది, ఆ 42 పాయింట్లు నమోదయ్యాయి. వాటిని చూసి ఆనందించినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. ఆ ఆనందాన్ని కాపాడుకోవడం కోసం ఒక అపరిచిత స్త్రీని అబద్ధాలకోరును చేయవలసిన అవసరం మాత్రం లేదు.

పరిశీలించిన ఉదంతాల నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ప్రత్యక్షం తప్ప మరి దేన్నీ నమ్మననే అభిమాని ఫిర్యాదులన్నిటినీ ముందుగానే కొట్టివేస్తున్నాడు. రెండు, ఆటనూ వ్యక్తినీ వేరుచేసేవాడు కీర్తి విషయంలో కూడా వేరుచేయాలి. మూడు, నిరూపణ భారం ఇరుపక్షాల ఆరోపణలకూ వర్తించాలి. వీటిని పాటించినా ‘ఏం జరిగింది’ అన్న ప్రశ్నకు చాలాసార్లు సమాధానం దొరకదు. తెలియని స్థితిలో కొంతకాలం ఉండగలగడం అభిమానికి కష్టమే. ఎందుకంటే అప్పుడు దెబ్బతినేది అతడి అభిమానం. ఆ దెబ్బను ఫిర్యాదురాలిపైకి మళ్లించకుండా తానే ఓర్చుకోవడం అతడు పాటించవలసిన కనీస ధర్మం.