ముల్లు పైకి పాకితే

ఎండాకాలంలో తిరుమల ఎక్కేటప్పుడు నేను స్పీడు ముల్లు కంటే టెంపరేచర్ ముల్లునే ఎక్కువ చూస్తాను. పైకి వెళ్లే దారి 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దాన్ని ఎక్కడానికే వాడతారు. బండి నిండా జనం, పైన లగేజీ, లోపల ఏసీ, ముందు బస్సు. సెకండ్ గేరులో ఇంజిన్ రొప్పుతుంటుంది గానీ, బండి మెల్లగా పోతుండడంతో రేడియేటర్‌కు గాలి సరిగా తగలదు.

ముల్లు మామూలు చోటు దాటగానే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాలి. ఆ ఎండలో హీటరేమిటని లోపలివాళ్లు గోల పెడతారు. పెట్టనివ్వండి. హీటర్ లోపల ఉన్నదీ ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిలో కొంత అటు లాగేస్తుంది. అయినా ముల్లు దిగకపోతే పక్కకు తీసి ఆపేయాలి. ఇంకో రెండు మలుపులేగా అని లాగించామా, అల్యూమినియం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. హెడ్ విప్పాల్సి వస్తే అయ్యే ఖర్చు చిన్నది కాదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి. ఎర్రగీత దగ్గరున్న ముల్లు ఒక్కోసారి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. హమ్మయ్య అనుకోకూడదు. కూలెంట్ మొత్తం కారిపోయి, సెన్సార్‌కు తగలడానికి ద్రవమే లేకపోయినా అలాగే పడుతుంది.

బండి ఆపాక కనీసం అరగంట రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. లోపల ప్రెషర్ కుక్కర్‌లాగే ఒత్తిడి ఉంటుంది కాబట్టే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి, ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడమూ తప్పే, లోహం పగలొచ్చు.

అంబాసిడర్ల కాలం నుంచి డిక్కీలో నీళ్ల క్యాన్ పెట్టుకునే అలవాటు ఉంది, మంచిదే. చల్లారాక ఆ నీళ్లు పోసుకుని గండం గట్టెక్కవచ్చు. తర్వాత మాత్రం కూలెంట్ పోయించండి. ఉత్త నీళ్లు తుప్పు తెస్తాయి, త్వరగా మరుగుతాయి. కింద కారిన కూలెంట్‌ను కడిగేయండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి.

మర్నాడు పొద్దున బండి చల్లగా ఉండగా కూలెంట్ మట్టం చూడండి. బయట ఎక్కడా చుక్క కారకుండానే తగ్గిందంటే, పొగ తెల్లగా వస్తోందా, ఆయిల్ పాలు కలిపినట్టుందా గమనించి, ఆ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి.