పాతాళపు వాకిట్లో పిల్లోడు

శక్తులున్న పిల్లల కథ మొదలుపెట్టడం సులువు, నడపడమే కష్టం. ఒక్క దూకుతో కొండ దాటే పిల్లోడికి అడ్డేముంటుంది? అడ్డు లేకపోతే కథేముంటుంది? తోలుబొమ్మలాటలో ఆడే మైరావణ చరిత్ర ఈ చిక్కును విప్పిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. సోమందేపల్లె పిల్లలకు సాహస కథ ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. ఆడేవాళ్ళూ దూరం వాళ్ళేం కాదు. మన జిల్లాలోనే, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

హనుమంతుడు తోకను కోటలా చుట్టి కాపలా కాస్తున్నా, మైరావణుడు మాయచేసి రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన హనుమంతుణ్ణి వాకిట్లోనే ఒక కుర్రాడు నిలేస్తాడు. వాడు మత్స్యవల్లభుడు. సముద్రం మీద హనుమంతుడి ఒంటి నుంచి జారిన చెమటచుక్కను మింగిన చేపకు పుట్టినవాడు. ఎదురుగా ఉన్నది తండ్రేనని వాడికి తెలీదు. తనకో కొడుకున్నాడనే సంగతే తండ్రికి తెలీదు.

ఎంతసేపు కలబడినా ఎవరూ ఓడరు. చివరికి పిల్లోడు తన తండ్రి పేరు చెప్తే, బ్రహ్మచారికి కొడుకేందని హనుమంతుడు మండిపడతాడు. అంత పోరు మధ్యలో ఈ నవ్వు పెట్టినవాడెవడో గట్టివాడు! అసలు ముడి ఆ తర్వాత పడుతుంది. మైరావణుడి ఉప్పు తిన్నవాడు దారి వదిలితే స్వామిద్రోహం, వదలకపోతే పితృద్రోహం. కండబలం ఇక్కడ ఎందుకూ కొరగాదు. చెప్పేవాళ్ళను బట్టి ఇక్కడి నుంచి కథ దారి మారుతుంది. ఒక కథనంలో, నీళ్ళకొచ్చిన మైరావణుడి తోబుట్టువు బిందెలో దాక్కుని లోపలికి పోతాడు హనుమంతుడు. లంకను కాల్చినవాడు బిందెలో నక్కాల్సి రావడం నాకు మహా ఇష్టం.

ఇక తెర మీది పనితనం. మేకతోలును వెలుతురు పారేంత పలచగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో సన్నటి రంధ్రాలు కొడతారు. రంగులు రెండు వైపులా పూస్తారు. వెనక దీపం వెలిగితే ఆ రంధ్రాలే హారాలు, కిరీటాలై మెరుస్తాయి. బొమ్మను తెరకు అదిమితే గీత గీతా స్పష్టం. దీపం వైపు లాగితే నీడ పెరిగి, అంచులు చెదురుతాయి. కాయం పెంచే హనుమంతుడికి ఇంతకన్నా ఏ యంత్రం కావాలి? భుజం, మోచెయ్యి, మోకాలి దగ్గర దారంతో కట్టిన కీళ్ళున్నాయి కాబట్టి విసిరిన చెయ్యి దెబ్బ తగిలాక కూడా కాసేపు ఊగుతుంది. అదే సమయానికి ఆడించేవాడు కాలికింది చెక్కను దడదడలాడిస్తే దెబ్బ నిజంగా పడ్డట్టే ఉంటుంది. మాట, పాట, చేతిపని, కాలిపని ఒకే మనిషివి. పెద్ద తెర మీద ఇంత శ్రమా కంప్యూటర్లకు వదిలేశాం.

ఆటలు తగ్గి, నిమ్మలకుంట చేతులు ఇప్పుడు ఎక్కువగా దీపాల గొడుగులు, గోడబొమ్మలు చేస్తున్నాయి. అవీ అందమైనవే, కొనండి. కానీ దీపపు గొడుగు మీది హనుమంతుడు కొడుకుతో తలపడడు. మన బళ్ళ వార్షికోత్సవాలకు రికార్డింగ్ డాన్సుల బదులు ఒక మేళాన్ని పిలిపించండి. రాత్రంతా ఆడించలేకపోయినా, పాతాళపు వాకిలి ఘట్టం ఒక్కటైనా అడిగి ఆడించుకోండి.