హాస్యవంత - గేయసంపుటములయందలి హాస్యఖండిక

గేయసంపుటములలో పాటకును పాటకును నడుమ అరనిమిషమో నిమిషమో వినవచ్చు హాస్యసంభాషణమును విమర్శకులు సాధారణముగా లెక్కింపరు. ర్యాప్ సంగీతమున నీ పద్ధతి 1989లో వెలువడిన డి లా సోల్ బృందపు తొలి సంపుటముతో ప్రబలినదని ప్రతీతి. 2004 నాటి డాడీ యాంకీ రెగ్గెటాన్ సంపుటము 'బారియో ఫినో'లోను 'ఇంటర్మీడియో' అను పేర నొక నడిమి ఖండిక కలదు.

ఇట్టివానిని మన విష్కంభ ప్రవేశకములతో పోల్చవచ్చునని తోచును. ఆ పోలిక నిలువదు. దశరూపకము ననుసరించి అవి జరిగిన, జరుగనున్న కథాంశములను సూచించునవి. తొలగించినచో కథ తెగును. హాస్యఖండికను తొలగించినను పాటకు లోటు రాదు.

దీనికి సమీపబంధువు బుర్రకథయందలి హాస్యవంత. తంబురా మీటుచు, అందెలు మ్రోగించుచు కథకుడు వీరరసమున నుండగా, ప్రక్కనున్న వంతపాటకాడు డక్కీ నాపి యొక కొంటెప్రశ్న వేయును. బొబ్బిలికోటను శత్రువులు ముట్టడించిరని కథకుడనగా, "ఉప్పల్ రింగురోడ్డు ఎట్ల దాటిండ్రన్నా?" అని వంత అడిగెననుకొందము. ఉప్పల్‌లో సభ ఘొల్లుమనును. కథకునికి ఊపిరి తీసికొన వ్యవధి దొరకును. శ్రోత మరల యుద్ధమునకు సిద్ధపడును. ఆ ప్రశ్నయే బొబ్బిలిలో పనికిరాదు. వంత అచ్చటికి మరియొకటి కల్పించుకొనవలసినదే.

ముద్రితమైన హాస్యమున కీ సౌకర్యము లేదు. తొలిసారి నవ్వించినది పదవసారి విసుగు పుట్టించును. శ్రోత మీట నొక్కి దాటిపోవును. ప్రక్కపాటలనుండి విడదీసి వినిపించినచో దానికి అర్థమే యుండదు. కావున హాస్యముగా అది హాస్యవంత కంటె దుర్బలమని మా అభిప్రాయము. విరామముగా మాత్రము రెండును సమానములే.

78 చుట్ల పది అంగుళముల గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టెడిది. అంత యిరుకున మొదట కోతపడదగినది హాస్యమే. నేటి యంత్రములకు ఆ యిరుకు లేదు. ఉప్పల్‌కు చేరువనున్న రామంతాపురమున దూరదర్శన్ కేంద్రము, నాచారమున రామకృష్ణ స్టూడియో వెలసిన యీ ప్రాంతమునకు ధ్వనిముద్రణము క్రొత్త కాదు. అయినను బుర్రకథను సేకరించు పరిశోధకవిద్యార్థి కొందరు కథనే వ్రాసికొని, వంత మాటలను 'అప్రస్తుతము' అని విడిచిపెట్టుచున్నారు. కథ అచ్చుపుస్తకములందైన దొరకును. ఆనాటి సభలో వంత యేమనెనో, ఎవరు నవ్విరో, కథకుడు మరల ఏ పదముతో కథ నందుకొనెనో మరెచ్చటను దొరకదు.