ఊయల కొస కుట్టు

పల్చటి రిప్‌స్టాప్ నైలాన్‌తో ఇంట్లోనే ఊయల కుట్టేవాళ్ల పనితనమంతా అంచుల్లో ఉంటుంది. ఆ బట్ట చేతిలో నిలవదు, జారిపోతుంది. గుండుసూది గుచ్చితే చిల్లు అలాగే ఉండిపోతుంది గనుక క్లిప్పులు పెడతారు. సన్నటి 70 నంబరు సూది, పాలిస్టర్ దారం. నూలు దారమైతే ఎండకీ తడికీ చివికిపోతుంది. గట్టిదనం కోసమని కుట్లు మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా బట్ట సరిగ్గా అక్కడే చిరుగుతుంది. 3 మిల్లీమీటర్ల కుట్టు చాలు. కొసను రెండుసార్లు మడిచి, తాడు దూరేంత సందు ఉంచి, రెండు మూడు వరసలు వేసి, మొదట్లోనూ చివర్లోనూ వెనక్కి కుట్టి బిగిస్తారు. ఎంత ఓపిక కావాలో! నాకు ఎంబ్రాయిడరీ కన్నా ఆ తిన్నటి వరసలే అందం. కుట్టడం అయ్యాక నేలకు జానెడు ఎత్తున కట్టి, మెల్లగా కూర్చుని బరువు ఆనించి చూసుకుంటారు.